కౌంటర్‌కి పనికిరాని తల

ఏప్రిల్ 10, సోమవారం

ఈ రోజు జుట్టు కనపడకుండా తలకి తుడుంగ్ గుడ్డ చుట్టుకుని డ్యూటీకి వెళ్లాను. నల్లది, సాదాది, అంచు కూడా లేదు. బూడిదరంగు బ్లేజర్ కాలర్ లోపలికి శుభ్రంగా దోపుకున్నాను. ఈ హోటల్ రిసెప్షన్‌లో నాది తొమ్మిదేళ్ల సర్వీసు. మజ్నీ ఉంటేనే, అంటే నేనుంటేనే, చెక్-ఇన్ చేస్తానని అలిగే పినాంగ్ పెద్దాయన ఒకడున్నాడు. మా ఊరు ఇపోలో ఇంకే హోటల్‌కీ వెళ్లడు.

ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్ ఫౌజీ నన్ను చూసి గుడ్లప్పగించాడు. ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదన్నాను. పోనీ పెళ్లి కుదిరిందా అన్నాడు. అదీ లేదన్నాను. మరెందుకమ్మా ఉన్నట్టుండి ఈ వేషం అన్నాడు. తల నాది, గుడ్డ నాది, మధ్యలో మీకేం నొప్పి అన్నాను. పక్క సీట్లో ఉన్న చైనీస్ పిల్ల లాయ్ కుయెన్ కంప్యూటర్ వెనక్కి వంగి నవ్వాపుకుంది.

పదింటికల్లా హెచ్.ఆర్. నుంచి పిలుపు. పువాన్ రోస్లిందా, హెచ్.ఆర్. మేడమ్, నాకంటే పెద్ద తుడుంగ్ చుట్టుకుని, దానికి ముత్యాల బ్రోచ్ పెట్టుకుని కూర్చుని ఉంది. రూల్ నేను రాసింది కాదు మజ్నీ, హెడ్డాఫీసుది అంది. గెస్టుల కంటపడేవాళ్లందరికీ ఒకే లుక్ ఉండాలట. వంటింట్లో, లాండ్రీలో, పై ఆఫీసుల్లో ఎవరేం చుట్టుకున్నా అభ్యంతరం లేదట. అంటే దేవుడు మూడో అంతస్తులో ఉండొచ్చు, లాబీలోకి మాత్రం దిగకూడదు. ఈ మాట పైకి అనలేదు. అనాల్సింది.

మధ్యాహ్నానికి నన్ను టెలిఫోన్ ఆపరేటర్ గదికి మార్చేశారు.

ఎందుకు చుట్టుకున్నానో ఇక్కడైనా రాసుకుందామంటే రాయడానికేం లేదు. కలలో ఎవరూ కనిపించలేదు. మతం చెప్పే ఉస్తాజ్ ఎవరూ బోధించలేదు. మగాడి కోసం అసలే కాదు. మొన్న శుక్రవారం స్నానం చేసి, చుట్టుకుని బజారుకెళ్లాను. మనసుకి హాయిగా అనిపించింది. దేవుడికీ నాకూ మధ్య మాట. అది ఎవరికీ చాలడం లేదు.

ఏప్రిల్ 11

ఆపరేటర్ గదికి కిటికీ లేదు. నా గొంతు గెస్టులకి పనికొస్తుంది, తల పనికిరాదు.

ఏప్రిల్ 14, శుక్రవారం

అమ్మకి చెప్పక తప్పలేదు. అమ్మ సగం జీవితం రబ్బరు తోటలో చెట్లు గీసింది. తలకి తువ్వాలు చుట్టేది దోమల కోసం. దేవుడి కోసం ఐదు పూటలా నమాజు చేస్తున్నాను చాలదా అంటుంది. ఈ ముప్ఫైనాలుగేళ్లూ లేని భక్తి ఇప్పుడెక్కడ పుట్టుకొచ్చిందే, ఏసీలో నిలబడి నవ్వే ఉద్యోగాన్ని నాలుగు మూరల గుడ్డకి పోగొట్టుకుంటావా అని రాత్రి భోజనం దాకా సాధించింది. చేప తలకాయ మాత్రం నా కంచంలోనే వేసింది.

మే 9, మంగళవారం

ఫౌజీ స్వయంగా ఆపరేటర్ గదికొచ్చాడు. చేతిలో కుయి మిఠాయిల పొట్లం. నాకిష్టమైన కొబ్బరి కుయి. అప్పుడే అనుమానం రావాలి.

సంగతేమిటంటే, రంజాన్ నెలంతా బాల్‌రూమ్‌లో ఉపవాసం విడిచే విందు. ఇపోలో ఏ హోటల్లోనూ జరగనంత గొప్పగానట. ఫ్రంట్ డెస్క్ ఆడవాళ్లందరికీ మెరుపుల కెబాయా జాకెట్టు, తల మీదికి జరీ ముసుగు. గుమ్మం దగ్గర ఖర్జూరాల పళ్లెంతో నిలబడటానికీ, పోస్టర్‌కీ ఒక మొహం కావాలి. మోడల్‌ని పిలుద్దామనుకున్నాం, కానీ నీ మొహంలో ఆ నిజమైన కళ ఉంది మజ్నీ అన్నాడు. ఏప్రిల్లో ఆ కళ ఈయనకి కనిపించలేదు కాబోలు.

అయినా ఒప్పుకున్నాను. మళ్లీ ముందుకి పిలిచారన్న సంబరం. ఫొటోకి పౌడర్ కూడా రాసుకున్నాను, పిచ్చిదాన్ని.

మే 24, బుధవారం

లాబీలో నా అట్టబొమ్మ పెట్టారు. నాకంటే ఒక జానెడు పొడుగు. పళ్లెం పట్టుకుని, తల నిండా ముసుగు కప్పుకుని, తలుపు తీసుకుని వచ్చేవాళ్లందరికీ నవ్వుతోంది. చైనా నుంచి వచ్చిన టూరిస్టులు దాని భుజం మీద చెయ్యేసి ఫొటోలు దిగుతున్నారు.

నేను స్టాఫ్ తలుపు సందులోంచి చూశాను. అక్కడ నిలబడటానికి నాకు పర్మిషన్ లేదు. అట్టకి ఉంది.

ఒళ్లు మండిపోయింది. రాత్రంతా మండుతూనే ఉంది.

మే 27, శనివారం. మొదటి ఉపవాసం

సాయంత్రం ఐదింటికి యూనిఫాం గదిలో గొడవ. లాయ్ కుయెన్ కెబాయా తొడుక్కుంది, ముసుగు మాత్రం తల మీద వేసుకోనంది. భుజం మీద వేసుకుంటాను, అంతవరకే అంది. ఫౌజీ బతిమాలాడు, బెదిరించాడు. కదల్లేదు.

నాకు చుర్రుమంది. ఏమ్మా, మా గుడ్డ నీకు గుచ్చుకుంటోందా అని అడిగేశాను. ఏడేళ్లుగా ఒకే కౌంటర్, ఒకే టిఫిన్ డబ్బా పంచుకున్నవాళ్లం. అది తెల్లబోయింది. తర్వాత ఒక్కో మాటా నొక్కి చెప్పింది. గుచ్చుకోదక్కా. నేను అడగలేదు, నాకు నమ్మకం లేదు, వేసుకుంటే నాటకం అవుతుంది. నీకు నిజమైనదాన్ని నేనెలా నాటకమాడను? నీ తల మీద ఉన్నది తీయమన్న చెయ్యే నా తల మీద ఎక్కిస్తోంది. నా తగువు గుడ్డతో కాదు, ఆ చేత్తో.

పళ్లెం తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్లిపోయాను.

అక్కడ ఇంకో తమాషా. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడగానే జనం పళ్లేల మీద పడ్డారు. పొద్దున్నుంచీ ఉపవాసం ఉన్నదాన్ని నేను, చేతినిండా ఖర్జూరాలు, ఒక్కటి నోట్లో వేసుకునే సందు లేదు. అప్పుడు లాయ్ కుయెన్ వచ్చి పళ్లెం లాక్కుంది. స్తంభం వెనక స్టూలు వేసింది. కూర్చుని తిను, ఫౌజీ వస్తే నేను చూసుకుంటా, నీ లెక్క పైవాడు చూసుకుంటాడు అంది. చల్లటి బందుంగ్ గులాబీ పాల గ్లాసు కూడా తెచ్చిపెట్టింది.

తింటూ ఏడ్చాను. సారీ చెప్పాను. ఏడవకు, ఆ అట్టబొమ్మకి ఉన్నపాటి నవ్వైనా నవ్వు అంది దొంగమొహంది.

జూన్ 25. రాయా పండగ

ఇంటినిండా చుట్టాలు. కెతుపాత్ అన్నం ముద్దలు, రెందాంగ్ మాంసం కూర, మళ్లీ కెతుపాత్. పోస్టర్‌లో మన మజ్నీయే అని అమ్మ వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకుంది. పోస్టర్‌లో ఉన్నా పగలంతా ఫోన్ల గదిలోనే ఉందని ఎవరికీ చెప్పలేదు.

జూలై 3, సోమవారం

రాయా సందడి అయిపోయింది. కెబాయాలు లాండ్రీకి వెళ్లాయి, అట్టబొమ్మని మడిచి స్టోర్‌లో పడేశారు. ఫౌజీ నన్ను పిలిచి చాలా బాగా చేశావమ్మా, రేపట్నుంచి మళ్లీ రోజంతా నీ ఆపరేటర్ గదే అన్నాడు. కావాలంటే తుడుంగ్ తీసేసి ముందుకి రా, నీ సీటు నీదే అని కూడా అన్నాడు. దయ చూపిస్తున్నట్టు మొహం పెట్టాడు.

నెల రోజులు ఇదే తలతో వేలమందికి ఎదురెళ్లాను కదా, ఎవరికైనా ఆకలి చచ్చిపోయిందా అని అడిగాను. అది పండగ, ఇది బిజినెస్ అన్నాడు.

నిర్ణయించుకున్నాను.

జూలై 4, మంగళవారం. తెల్లవారుజామున

బ్లేజర్ ఇస్త్రీ చేశాను.

అదే రోజు, సాయంత్రం

పొద్దున ఏడింటికి రిసెప్షన్ కౌంటర్ వెనక నిలబడ్డాను. బూడిదరంగు యూనిఫాం, నేమ్ బ్యాడ్జ్, నల్ల తుడుంగ్. లాయ్ కుయెన్ నన్ను చూసింది. తన కంప్యూటర్ వదిలి పక్కకి జరిగి, రెండు కీ కార్డులు ఆగి ఉన్నాయి చూడు అంది.

ఫౌజీ వచ్చేసరికి ఎదురుగా జొహోర్ నుంచి వచ్చిన కుటుంబం. ఇద్దరు పిల్లలు, ఒక బామ్మ. బామ్మకి గది లిఫ్ట్ దగ్గరగా కావాలట. వాళ్ల ముందు ఏమనగలడు? పళ్లు బయటపెట్టి నవ్వుతూనే, లోపలికి తగలడు అని పెదాలు కదపకుండా గొణిగాడు. బామ్మకి లిఫ్ట్ పక్క గది ఇచ్చాను. తర్వాత ఒక జంట. తర్వాత పామాయిల్ కంపెనీ మీటింగ్ వాళ్లు. నా తల గురించి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. వైఫై అడిగారు. పార్కింగ్ అడిగారు. టిఫిన్ ఎన్నింటిదాకా అని అడిగారు.

పదకొండు దాటాక పువాన్ రోస్లిందా దిగివచ్చింది. స్టాఫ్ తలుపు సగం తెరిచి, లోపలే నిలబడి, రమ్మని చెయ్యి ఊపింది. లాబీలోకి మాత్రం అడుగు పెట్టలేదు. నేను షిఫ్ట్ అయ్యేదాకా కదల్లేదు.

జూలై 5, బుధవారం

విచారణ అయ్యేదాకా సస్పెండ్ చేశారు. దానికి ముందు ఫౌజీ ఒక బేరం తెచ్చాడు. శుక్రవారాలూ రంజాన్ నెలా తుడుంగ్‌తో కౌంటర్‌లో ఉండొచ్చు, మిగతా రోజులు తీసేయాలి. అది టోపీ కాదు సార్, ఎండని బట్టి పెట్టుకోడానికి అన్నాను. వద్దన్నాను.

ఇంటికొచ్చి చెప్పి, తిట్లకి సిద్ధమై కూర్చున్నాను. అమ్మ తిట్టలేదు. ఆ గుడ్డ నాకిప్పటికీ ఇష్టం లేదే అంది. కానీ తీయమంటే తల్లిని, నేననాలి, వాడెవడు అంది. తర్వాత కూరలో పచ్చిమిరపకాయలు మామూలుకంటే రెట్టింపు వేసింది. ఇద్దరం ముక్కులు కారుస్తూ తిన్నాం.

జూలై 12

లాయ్ కుయెన్ ఫోన్ చేసింది. లాండ్రీ పెద్దమ్మ చెప్పిందట, పువాన్ రోస్లిందా ఉద్యోగంలో చేరింది రిసెప్షన్‌లోనేనట. హజ్ నుంచి తుడుంగ్‌తో తిరిగొచ్చిన వారానికే ప్రమోషన్ ఇచ్చి పైకి పంపారట. ఆవిడ సంతోషంగానే ఎక్కిందట. అప్పట్నుంచి లాబీలో ఆవిణ్ని చూసినవాళ్లు లేరు.

నాకు జాలి వేయలేదు. కోపం రెట్టింపైంది.

జూలై 18, మంగళవారం

విచారణ. బల్లకి అవతల ముగ్గురు మగవాళ్లు, మంచినీళ్ల సీసాలు. ఆరోపణలు చదివేది పువాన్ రోస్లిందా. ఆజ్ఞ ధిక్కరించాను, కేటాయించిన చోటు వదిలాను, లుక్ పాడుచేశాను.

గెస్టులెవరైనా కంప్లయింట్ ఇచ్చారా అని అడిగాను. లేదన్నారు. అయితే ఎవరికి నష్టం అన్నాను. నష్టం సంగతి కాదు, స్టాండర్డ్ సంగతి అన్నాడు మధ్యలో కూర్చున్నాయన. నాకు ఆగలేదు. పువాన్ వైపు తిరిగాను. పువాన్, ఇన్నేళ్లలో మీ తల చూసి జడుసుకున్న గెస్టు పేరు ఒక్కటి చెప్పండి, నేనిప్పుడే తీసేస్తాను అన్నాను. ఈ ప్రశ్నకీ కేసుకీ సంబంధం లేదు, జవాబు చెప్పక్కర్లేదు అన్నాడు మధ్యాయన.

ఆవిడ తర్వాతి ఆరోపణ చదివింది. గొంతు ఎంత తగ్గిందంటే వాళ్లు మళ్లీ చదవమన్నారు.

జూలై 20

హోటల్ నుంచి ఫోన్ రాలేదు. పనిలేక అమ్మ అరుగంతా నేనే కడిగాను.

జూలై 22, శనివారం

తీసేశారు. తుడుంగ్‌ని కాదు, నన్ను.

లేబర్ ఆఫీసుకి వెళ్తాను. ఏడుస్తూ కాదు. తుడుంగ్‌తోనే వెళ్తాను, అక్కడా ఎవరైనా వంకరగా చూస్తే వాళ్ల మీద కూడా రాసిస్తాను.

జూలై 24, సోమవారం

యూనిఫాం తిరిగి ఇచ్చేద్దామని వెళ్లాను. ముందు తలుపులోంచే వెళ్లాను.

కౌంటర్ వెనక పువాన్ రోస్లిందా నిలబడి ఉంది. పెద్ద తుడుంగ్, ముత్యాల బ్రోచ్, మొహం నిండా చెమట. పొద్దున ఏడింటినుంచీ ఉందట, ఎవరెంత పిలిచినా కదల్లేదట. కీ కార్డు మిషన్‌లో తిరగేసి పెడుతోంది. గెస్టు విసుక్కుంటున్నాడు. లాయ్ కుయెన్ పెదవి కొరుక్కుంటోంది. ఆవిడ నా మొహంలోకి చూసి, ఇది ఎటువైపు పెట్టాలో మర్చిపోయాను మజ్నీ అంది.

యూనిఫాం సంచీ కింద పెట్టి కౌంటర్ లోపలికి వెళ్లాను. జరగండి అన్నాను.

స్టాఫ్ తలుపు దగ్గర నిలబడి ఫౌజీ చెయ్యి ఊపుతున్నాడు. మేం ముగ్గురం అటు చూడలేదు.