దినానికి కాదు, అడవికి

సీతమ్మధార, విశాఖపట్నం,
సోమవారం.

చిరంజీవి తమ్ముడు సూర్యానికి, అక్కయ్య ఆశీర్వదించి వ్రాస్తున్నది.

నేను చనిపోలేదు. బొబ్బిలిలో ఎవరెవరికి నా మరణవార్త చెప్పావో వారందరినీ కూర్చోబెట్టి ఈ ఉత్తరం చదివి వినిపించు. మీరంతా క్షేమమని తలుస్తాను. వార్త తెలిసిన గంటలోపే కట్టుబట్టలతో తలస్నానం చేశావట. జలుబు చేయకపోతే సంతోషమే.

అనంతగిరి కొండల్లోని అటవీ శిబిరంలో రెండు రాత్రులు గడపదలచిన సంగతి కిందటి నెలలోనే నీకు వ్రాసి, సంతకం కోసం దరఖాస్తు కూడా పంపాను. అక్కడ స్థలమూ నీళ్ళూ ఇస్తారు, గుడారం మనమే తీసుకువెళ్ళాలి. దుకాణాల్లో అమ్మే గుడారాల్లోకి పాక్కుంటూ దూరాలి. అందుకు నా మోకాళ్ళు ఒప్పుకోవు. అందుచేత వీధి చివర షామియానాలు అద్దెకిచ్చే అతని దగ్గరకు వెళ్ళాను.

"పెళ్లికా అమ్మా, దినానికా?" అన్నాడు.

"అడవికి."

"అడివికేటమ్మా! ఎవులెల్తన్నారు?"

"నేనే. నిలబడి లోపలికి వెళ్ళేంత ఎత్తుండాలి. నేనొక్కదాన్నే కట్టుకోగలగాలి."

"నాను ఇన్నేల్లబట్టి టెంట్లు కడతన్నాను. తన టెంటు తనే వొచ్చి అడిగిన మనిసిని ఇదే సూడ్డం" అని నవ్వాడు. ముహూర్తాల రోజులు కావడంతో రంగులవన్నీ పెళ్ళిళ్ళకు పోయి, తెల్లది ఒక్కటే మిగిలిందట. దానితోపాటు విడదీసి మోసుకుపోగల సన్నని గొట్టాలు నాలుగు ఇచ్చాడు.

కిందటి మంగళవారం దానిని ఇంటి ముందే కట్టి చూశాను. మా ఇంటి యజమానురాలు అప్పలనరసమ్మగారు సబ్బవరం రైతుబిడ్డ, నవ్వులాటంటే ప్రాణం. ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పిలిచి నీడన కూర్చోబెట్టింది. "టీచరమ్మా, ఆ తాడు గట్టిగా లాగండి, లేపోతే అడివిలో మీ మీదే పడిపోద్ది" అని సలహాలు మొదలుపెట్టింది.

ఉక్కునగరంలో ఉండే నీ బావమరిది సరిగ్గా అప్పుడే ఇటు వచ్చాడు. పళ్ళ డాక్టరుకు చూపించుకుని మధ్యాహ్నం షిఫ్టుకు తిరిగి వెళుతున్నాడట. తెల్ల షామియానా, కుర్చీలు, వాటిలో ఆడవాళ్ళు! గుడ్డ వెనక తాడు లాగుతున్న నేను అతనికి కనబడలేదు. దిగి పలకరిస్తే మైల. స్నానం చేయకుండా డ్యూటీకి వెళ్ళరాదు, స్నానానికి వెళితే షిఫ్టు పోతుంది. అందుకని బండి ఆపకుండా వెళ్ళిపోయి నీకు ఫోను చేశాడు. ఆచారం తెలిసిన మనిషి. నిజం తెలుసుకోవాలని మాత్రం తోచలేదు. నీకూ తోచలేదు. స్నానం చేశావు, దేవుడి గది తలుపులు మూశావు, ముసలి పిన్నిని ఏడిపించావు. నా నంబరుకు ఫోను చేసే పని మాత్రం నీ భార్యకు అప్పగించావు.

"ఏవండీ, మా వొదిన్ని ఎన్ని గంటలకి తీస్తన్నారండీ?" అని ఆమె నన్నే అడిగింది.

"ఎవరూ తీయడం లేదమ్మా. నేను తాడు కట్టుకుంటున్నాను" అన్నాను. ఆ పిచ్చితల్లి భయపడి ఫోను పెట్టేసింది.

నిజం తెలిసి మర్నాడు నీవు ఫోను చేసినప్పుడు క్షమాపణ కోరతావని అనుకోవడం నాదే పొరపాటు. "ఈ వొయసులో ఇయ్యేటి పనులక్కా? ఊరంతా నవ్వుతంది. ఆ కాయితం మీద నాను సంతకం ఎట్టను. వొచ్చే వారం కారు తెస్తన్నాను, సామాన్లు సద్దుకో" అన్నావు. ఒంటరిగా వచ్చే వృద్ధుల దరఖాస్తు మీద కుటుంబసభ్యుడొకరు సంరక్షకుడిగా సంతకం చేయాలన్నది శిబిరంవారి నియమం. ఆ సంతకం లేనిదే నేను వెళ్ళలేనని తెలిసే నీవు దానిని నొక్కిపెట్టావు.

ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద బొమ్మ గీసి, చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్ గురించి పాఠం చెప్పాను. ఒక్కదానినీ కళ్ళతో చూడలేదు. అవి ఆ కొండవాగుల ఒడ్డునే ఉన్నాయి. ప్రతి వేసవి సెలవుల్లోనూ వెళ్ళాలనుకునేదాన్ని. ప్రతి వేసవిలోనూ మీ ఇంట్లో ఎవరికో ఒకరికి నాతో పని పడేది.

ఇక్కడికి వచ్చి రెండేళ్ళయింది. ఎలా ఉన్నావని నీవు అడగకపోయినా చెబుతున్నాను. వారానికి మూడు రోజులు ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఉప్పుగాలికి బీరువా తుప్పు పట్టింది, నేను పట్టలేదు. రేవు వైపు నుంచి వచ్చే నల్లదుమ్మును రోజూ తుడుచుకుంటాను. నాకు నచ్చినంత కారం వేసి వండుకుంటాను. సాయంత్రాలు ఒంటరిగానే గడుస్తాయి, కాదనను. మీ ఇంట్లో పదిమంది మధ్య కూర్చుని అనుభవించిన ఒంటరితనం కంటే ఇది మర్యాదగా ఉన్నది.

అక్కడున్న నా ఇనప్పెట్టెలోని ఉన్ని శాలువా శుక్రవారంలోగా అందేటట్టు పంపు. పంపకపోతే కొనుక్కుంటాను. పిన్నికి నా నమస్కారాలు. నేను బతికే ఉన్నానని ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పు. మరదలికీ పిల్లలకూ ఆశీస్సులు.

నీ దగ్గరున్న దరఖాస్తు నీవే ఉంచుకో. ఈ ఉదయం శిబిరంవారి కార్యాలయానికి వెళ్ళి మరొకటి తీసుకున్నాను. సంరక్షకుడి పేరు వ్రాయవలసిన చోట నా పేరే వ్రాసి సంతకం చేశాను. గుమాస్తా చూసి, "ఇదేటమ్మా! ఇక్కడ మీ ఇంట్లో వోల్ల పేరుండాల" అన్నాడు.

"మా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే" అన్నాను.

అతను ముద్ర వేసి ఇచ్చాడు. శనివారం ఉదయపు రైలుకు బయలుదేరుతున్నాను. తిరిగి వచ్చేది బొబ్బిలికి కాదు, ఈ ఇంటికే.

మీ అక్కయ్య,
విశాలాక్షి