హారన్ తీసేసిన పాట

ఒరే చిన్నీ,

మీరు ముగ్గురూ పాడిన పాటల్లోంచి మంచివి ఏరి, నువ్వు పోయిన రెండేళ్లకి మీ బ్యాండువాళ్లు ఆల్బమ్ తెచ్చినారు. బాగున్నాయిరా, కాదనను. కాంట్రాక్టు కూలీల గోడుని ప్రేమపాటలా పాడొచ్చని నీకెవరు చెప్పినారో గానీ, కూర తరుగుతూ నేనే పాడేస్తున్నాను.

నా ఒళ్లు మండింది మూడో పాట దగ్గర. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో, ఈ గదిలోనే కదా రికార్డు చేసినారు. సరిగ్గా చరణం మధ్యలో యార్డులో ఇంజిన్ హారన్ కొట్టింది. నువ్వు ఆగి, అది అయ్యాకే అందుకున్నావు. మళ్లీ రికార్డు చేద్దామంటే ఒప్పుకోలేదు. "ఉండనీండ్రా, డ్యూటీలో ఉన్నోళ్లు కూడా పాడాలి కదా" అన్నావు.

ఇప్పుడు ఆ హారన్ తుడిచేసినారు. నువ్వు ఆగిన చోటు మాత్రం ఖాళీగా అలాగే ఉంది. పాడేవాడు లైను మర్చిపోయినాడని పాట కింద ఎవడో కామెంటు పెట్టి నవ్వినాడు. నువ్వా మర్చిపోయేది!

మీ గిటారు బాపీకి ఫోన్ చేసి కడిగేసినాను.

"దీదీ, నాయిస్ కదా అని స్టూడియోవాళ్లు తీసేసినారు" అన్నాడు.

"ఏటి నాయిసు? వాడు ఎవరి కోసం ఆగినాడో వాళ్లనే తీసేసి, పాటేమో కూలీల కోసమంటారా?"

"ఠీక్ హై దీదీ, కానీ వచ్చేసింది కదా, ఇప్పుడు మార్చలేం."

ఈ సాయంత్రం కిటికీ తెరిచి, ఫోన్ సౌండు పెంచి ఆ పాట వేసినాను. యార్డులో ఇంజిన్లు పెట్టెల్ని అటూ ఇటూ లాగుతూ షంటింగ్ చేస్తున్నాయి, హారన్ ఎలాగూ కొడతారు కదా అని. నువ్వు ఆగినావు. నేను ఊపిరి బిగబట్టినాను. ఏమీ రాలేదు. పాటంతా అయిపోయాక తీరుబడిగా కొట్టినాడు, దరిద్రుడు.

మళ్లీ మొదట్నుంచి పెట్టినాను.

అక్క