కుర్చీ కింద చాప

జూన్ 3, మంజీని
చెల్లెలు ఖెత్సివే భర్తను నిన్న మట్టి చేశారు. ఆమెకు నల్లబట్టలు నేనే కట్టాను, ఇంటికి పెద్దదాన్ని గనుక. ఇక నెల రోజులు ఆమె శోకపు చాప దిగకూడదు, మా ఆచారం. హైకోర్టులో మొదటి ఆడ జడ్జి, మా చెల్లి, గోడవైపు తిరిగి కూర్చుంది.

జూన్ 9
చెల్లి నోరు విప్పింది. పద్నాలుగున త్సాబిలే కేసు తీర్పు చదవాలట. త్సాబిలే మొగుడు పోగానే అతని అన్నదమ్ములు ఆమె చేను లాక్కున్నారు. ఆరేళ్లుగా తిరుగుతోంది. పదిహేను నుంచి చెల్లికి పై కోర్టుకు బదిలీ. ఇప్పుడు చదవకపోతే కేసు కొత్త జడ్జి దగ్గర మళ్లీ మొదటి నుంచి. తీర్పు రాసేశానక్కా, చదవడమే మిగిలింది అంది.
మా ఆయన పోయాక నా చేనూ అలాగే మరుదుల పాలైంది, పదకొండేళ్ల కిందట. నేను కోర్టుకెళ్లలేదు. చర్చికెళ్లాను.

జూన్ 11
చెల్లి బావగారు సిమాంగలిసో వచ్చాడు. తమ్ముడి మట్టి ఆరనేలేదు, అప్పుడే ఉద్యోగమా, చాప దిగిన మనిషి మళ్లీ మా గడప తొక్కక్కర్లేదు అన్నాడు. మీరు రెండేళ్లు నల్లబట్టలో ఉన్నారు కదా అక్కగారూ, కాస్త నేర్పండి అన్నాడు. టీ తాగి వెళ్లాడు. మూడు చెంచాల చక్కెర.

జూన్ 13
ఉపవాసం. చాప దిగకూడదన్నారు. చాప ఎక్కడుండాలో ఎవరూ చెప్పలేదు.

జూన్ 14, సాయంత్రం
నా పాత చాప కూడా తీశాను. శోకం తీరాక కాల్చాలి. నేను కాల్చలేదు, ఎవరికీ చెప్పలేదు.
చెల్లిని చర్చి వ్యానులో చాప మీదే కూర్చోబెట్టి తీసుకెళ్లాను. కోర్టు మెట్ల దగ్గర నుంచి ఒక చాప పరవడం, ఆమె నడవడం, వెనకది తీసి ముందు పరవడం. నడుము విరిగింది. అమ్మా, ఇది కోర్టు, పెళ్లిపందిరి కాదు అన్నాడు బంట్రోతు. చావింటివాళ్లం నాయనా, కాస్త జరుగు అన్నాను. జరిగాడు. ఆమె కుర్చీ కింద కూడా చాప వేశాడు, తనే.
అందరూ లేవాలని కేక వేశారు. వెనక బెంచీలో సిమాంగలిసో. లేచాడు. టోపీ తీశాడు.
చెల్లి తీర్పు కాగితం విప్పింది. భర్త చావు భార్యను పరాయిదాన్ని చేయదు, చేను త్సాబిలేదే, ఈ దేశంలో ఏ వితంతువుకైనా ఇదే న్యాయం అని చదివింది. త్సాబిలే ఏడవలేదు. చెప్పులు విడిచి నిలబడింది. బయట ఆడవాళ్ల కేరింతలకు చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి.
అమ్మాయి చాప దిగలేదు కదా అన్నయ్యగారూ అన్నాను సిమాంగలిసోతో. లేదు అన్నాడు. ఇంకేమంటాడు.

జూలై 4
పొద్దున్నే నా చేనిలో నా చాప పరిచి కూర్చున్నాను. మరుదులు ముగ్గురూ వచ్చారు. ఎంతసేపుంటావు వదినా అని అడిగారు. ప్రార్థనలో ఉన్నాను, చాప దిగలేదు.