ఖాజా భాయ్ గోడ మీద ఖాళీ

ఖాజా భాయ్,

రెండుసార్లు టికెట్ అడిగి దక్కని మన మున్సిపల్ చైర్మన్ పేరు ఈ ఉదయం పదింటికి ఎమ్మెల్యే అభ్యర్థుల జాబితాలో వచ్చింది. కాసేపటికే ఆయన అమరచింత బస్సులు ఆగే చోట పోయినసారి నువ్వు రాసిన గోడ ముందుకు వచ్చాడు. నేనూ వెళ్లాను.

ఆయన పేరు ఇంకా నీ అక్షరాల్లోనే ఉంది. కింద ‘ఎమ్మెల్యే అభ్యర్థి’ అని రాయాల్సిన చోటు ఖాళీగానే ఉంది. పార్టీ బీ ఫారం అభ్యర్థి చేతికొచ్చాకే ఆ మాట రాసేవాడివి కదా. పోయినసారి జాబితాలో ఆయన పేరు వచ్చినా, ఫారం మాత్రం ఇంకొకరికి పోయింది.

ఫ్లెక్సీలు వద్దు, గోడ మీదే రాయాలని ఆయన, నువ్వు పోయాక కుంచె పట్టిన నీ కూతురు షబానాను పిలిపించాడు. రంగు అంటకుండా నీ పాత చొక్కా వేసుకుని వచ్చింది. డబ్బా మూత మాత్రం తీయలేదు.

“బీ ఫారం ఏది సార్?”

“టీవీల చూసినవ్ కద బిడ్డా.”

“పోయినసారి గూడ టీవీల చూసినం సార్.”

“మీ నాయిన గూడ గిట్లనే సతాయించిండు” అని ఆయన నవ్వాడు. ఫోన్ మోగగానే ఆ నవ్వు ఆగింది. టికెట్ రానివాళ్లు హైదరాబాద్‌లో పార్టీ పెద్దల ఇంటి ముందు కూర్చున్నారట. ఫోన్లో మాట్లాడుతూ రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాడు. కారెక్కబోతూ మళ్లీ గోడ వైపు చూశాడు.

“తెస్తే రాస్తవ్ కద?”

“తెండి సార్. జర సేపట్ల రాస్త.”

రేపు మధ్యాహ్నం మూడింటికి నామినేషన్ల గడువు ముగుస్తుంది. రెండింటికల్లా గోడ దగ్గర ఉంటానని షబానా చెప్పింది. నేనూ అక్కడే ఉంటాను.