రెండో చేయి

మార్చి 4
బావకి అవార్డు ఇచ్చారు. ఐసీయూలో రక్తంలో ఇన్ఫెక్షన్లు సగానికి సగం తగ్గించాడట. తెర మీద గ్రాఫ్ కిందికి దిగుతుంటే హాలంతా చప్పట్లు. అక్క ముందు వరుసలో కళ్లు తుడుచుకుంది. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

కల్చర్‌కి, అంటే బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకి, రక్తం పంపడం మానేస్తే ఇన్ఫెక్షన్లు తగ్గక చస్తాయా? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వ్యవహారం. ల్యాబ్‌లో ఆ రక్తం సీసాలు పెట్టే నా మెషీన్ సగం ఖాళీ.

మార్చి 5
మొహం మీదే అడిగాను. బ్యాక్టీరియా పెంచుకునేదానివి, పేషెంట్ల సంగతి నీకేం తెలుసు అన్నాడు. తను చేరినప్పటినుంచీ ఐసీయూలో వచ్చేవన్నీ చర్మం మీది పురుగులేనట, తన మందు వాటికి బ్రహ్మాస్త్రమట. అది పాత మాట, ఇప్పుడు పేగుల్లోవి, సింకుల్లోవి వస్తున్నాయి, నీ బ్రహ్మాస్త్రం వాటిని గిల్లను కూడా గిల్లదు అన్నాను. సీసాలు పంపితే కదా తెలిసేది! మరదలివి కాబట్టి బతికిపోయావు అన్నాడు.

మార్చి 11
అక్క అత్తగారికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి ఐసీయూలో ఉంచారు. మందులెక్కించడానికి మెడలో గొట్టం. కన్నకొడుకు వార్డు, ఇంకేం కావాలే అని అక్క మురిసిపోయింది.

అత్తయ్య నన్ను పురుగుల డాక్టరమ్మా అని పిలుస్తుంది. ఆ ఇంట్లో నాకు నచ్చే మనిషి ఆవిడొక్కతే.

మార్చి 14, మధ్యాహ్నం
అత్తయ్యకి జ్వరం, వణుకు. బావ బ్రహ్మాస్త్రం మొదలుపెట్టాడు. కల్చర్ పంపలేదు. సొంత తల్లికి కూడా! అమ్మని నీ గొడవలోకి లాగకు అన్నాడు.

సాయంత్రం
ఆయన మీటింగ్‌లో ఉండగా నేనే వెళ్లి, అత్తయ్యని అడిగి రక్తం తీశాను. రెండు చేతుల నుంచీ తీయాలి. ఒక్క చేతిలోనే పురుగు కనిపిస్తే సూది దిగిన చర్మానిది కావచ్చు. రెండింట్లోనూ కనిపిస్తే రక్తంలోదే. కుడిచేతిలో నరం దొరికేసరికి ఆవిడ ప్రాణం విసిగింది. ఎడమచేయి అప్పటికే కమిలి నల్లగా ఉంది. ఇంక చాలమ్మా, నా రక్తం పట్టుకెళ్లి మావాడితో కయ్యానికి దిగుతావా అని నవ్వింది. జాలేసింది. ఒక్క చేత్తో సరిపెట్టాను.

మార్చి 15
మెషీన్ కూసింది. సీసాలో ఏదో పెరిగింది. చూస్తే పేగుల పురుగు. నాకు సంతోషం వేసింది. ఇక్కడ అబద్ధం ఎందుకు? గెలిచానని సంతోషం వేసింది.

మందు మార్చమని పరుగెత్తాను. ఎన్ని చేతుల నుంచి తీశావు అన్నాడు. ఒకటి అన్నాను. ఒంటిచేతి రిపోర్టు పట్టుకొచ్చి నాకు పాఠాలా అని నర్సుల ముందు అరిచాడు. ఇది చర్మం మీద ఊరికే ఉండే రకం కాదు, ఒక్క సీసాలో వచ్చినా నమ్మి తీరాలి అని నేనూ అరిచాను. వినలేదు. ఆ సాకు ఆయన చేతికిచ్చింది నేనే.

వెళ్లి ఎడమచేతి నుంచి తీశాను. అత్తయ్య ఈసారి నవ్వలేదు. నన్ను గుర్తు కూడా పట్టలేదు.

మార్చి 16
రెండో సీసాకీ మెషీన్ కూసింది. అదే పురుగు. బావ నా వైపు చూడకుండా మందు మార్చాడు.

మార్చి 17
అత్తయ్య పోయింది.

మార్చి 20
అక్క ఫోన్ చేసి తిట్టింది. పొడిచి పొడిచి చంపేశావు అంది. ఆయన అలాగే చెప్పాడట. మళ్లీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు అని పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. అక్క అన్నదాంట్లో కొంత అబద్ధం కాదు కదా. మొదటిరోజే ఎడమచేయి పట్టుకోవాల్సింది.

ఏప్రిల్ 2
ఐసీయూ నుంచి ట్రేలు వచ్చాయి. జ్వరం ఉన్న ప్రతి మనిషికీ రెండేసి సీసాలు. కుడి, ఎడమ అని లేబుళ్ల మీద బావ చేతిరాత. మెషీన్‌లో చోటు చాల్లేదు.

బావ అవార్డు గ్రాఫ్ ఇక ఆకాశాన్ని అంటుతుంది. అంటనీ.