ఏడు జేబుల ప్యాంటు

2004 జూన్ 14
అమ్మ గొలుసు పోయింది.
పొద్దున ఏడు. గుణదల సెంటర్లో కూరలు కొనుక్కుని వస్తున్నాను. వెనక నుంచి బండి... మెడ మీద చెయ్యి... అంతే. బెండకాయలన్నీ రోడ్డు మీద. ఆరు కాసుల గొలుసు, అమ్మ పోయేముందు తన మెడలోంచి తీసి నా మెడలో వేసింది. ఇప్పుడక్కడ ఎర్రటి గీత. మంట. బండి వెనక కూర్చున్నవాడి వీపు చూశాను. వదులు చొక్కా, జారిపోతున్న ప్యాంటు, టోపీ. వాడి చెయ్యి విరగాలి. విరగ్గా నేను చూడాలి.

జూన్ 15
స్టేషన్. ఎస్సై చిన్నవాడే, మర్యాదగా మాట్లాడాడు. "మొహం చూశారా మేడమ్?" లేదన్నాను. "పోనీ, బట్టలు?" చెప్పాను. నవ్వాడు. "ఈ మధ్య ఆ టైపోళ్ళు ఎక్కువయ్యారండీ. చూస్తేనే తెలిసిపోద్ది."
నిజమే.

జూన్ 16
ఆఫీసులో అందరూ నా మెడ వైపే చూస్తున్నారు. కొంగు కప్పుకుని కూర్చున్నాను.

జూన్ 17
దొరికాడు.
సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే కాలవ గట్టు మీద పాటలు. నలుగురైదుగురు కుర్రాళ్ళు అట్టపెట్టె విప్పి నేల మీద పరిచి, దాని మీద ఒంటిచేత్తో గిరగిరా తిరుగుతున్నారు. ఒకడికి అదే ప్యాంటు — ఏడు జేబులు, నడుము కిందికి జారి. అదే టోపీ. మెడలో లావుపాటి స్టీలు గొలుసు. మొహం ఇటు తిప్పాడు. ఇమ్రాన్! నా చీరలకు ఫాల్స్ కుట్టే ఫాతిమా కొడుకు.
ఇంటికొచ్చి చెబితే శ్రావణి నవ్వింది. కన్నకూతురు, డిగ్రీ చదువుతోంది, అన్నీ తెలుసు. "అమ్మా, అది హిప్‌హాప్. ఆ డాన్స్ చేసేవాళ్ళు అలాగే వేసుకుంటారు. మా కాలేజీలో సగం మందికి ఉంది ఆ ప్యాంటు."
చెంప పగలగొట్టాలనిపించింది.

జూన్ 18
ఎస్సైకి నేనే ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా ఇమ్రాన్‌ని జీపులో తెచ్చారు. నేను స్టేషన్‌కి వెళ్ళేసరికి బెంచీ పక్కన నేల మీద కూర్చోబెట్టి ఉన్నారు. నన్ను చూడగానే వాడి మొహం విప్పారింది... కాపాడడానికి వచ్చాననుకున్నాడు.
"ఆంటీ! మీరైనా చెప్పండాంటీ వీళ్ళకి. మీ చీరలు తెచ్చిచ్చేది నేనే కదా."
"వీడే" అన్నాను.
కానిస్టేబుల్ చెయ్యి లేచింది. చప్పుడు వింటూనే బయటికొచ్చి ఆటో ఎక్కాను. నాలుగు రోజుల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

జూన్ 19
ఫాతిమా వచ్చింది. గుమ్మం దాటలేదు. "అమ్మగారూ, ఆ పొద్దున వాడు గన్నవరంలో ఉన్నాడండీ, మా అన్నయ్య కూతురి పెళ్ళిలో. ఫొటోలున్నాయి. రీలు ఇంకా కడగలేదు, కడిగించి తెస్తాను. అందాకా కొట్టొద్దని ఒక్క మాట చెప్పండమ్మా."
ఫాల్స్ కుట్టిన నా చీరలు రెండు కుర్చీలో పెట్టింది. తలుపేశాను. కొడుకుని అలా తిరగనిచ్చినప్పుడు తెలియలేదా? ఏడవనీ. నేను ఏడవలేదా?

జూన్ 20
స్టేషన్లో వాడికి గుండు గీయించారట. ఆ ప్యాంటుని మోకాళ్ళ దగ్గర కత్తెరతో కత్తిరించేశారట. బాగుంది.

జూన్ 25
గొలుసు దొరికింది.
ఎస్సై ఫోన్. ఏలూరులో అమ్మబోతుంటే ఇద్దరు పట్టుబడ్డారట. నలభైకి దగ్గరపడ్డవాళ్ళు. "లాగినవాడు టక్ చేసుకుని పెద్దమనిషిలా ఉంటాడండీ. సంచిలో టోపీ, ఆ ప్యాంటు దొరికాయి. పని మీద వెళ్ళేటప్పుడు అవి తొడుక్కునేవాడట. అవి చూస్తే అందరూ కుర్రాళ్ళ వెంట పడతారని వాడికి తెలుసు."
మరి ఇమ్రాన్?
"మొన్నే వదిలేశాం. మీరేం ఫీలవకండి. అలాంటోళ్ళు ఇవాళ కాకపోతే రేపైనా చేస్తారు."

జూన్ 26
గొలుసు మెడలో ఉంది. చల్లగా, బరువుగా. కోపం మాత్రం తీరలేదు. అసలు దొంగ మీద రావాలి — రావడం లేదు. ఇమ్రాన్ మీదే వస్తోంది. ఆ బట్టలు వాడెందుకు వేసుకోవాలి? ఆంటీ అని ఎందుకు పిలవాలి?
శ్రావణి నాతో మాట్లాడటం లేదు.

జూలై 1
కాలవ గట్టు. దారి మార్చుకోవచ్చు, మార్చుకోలేదు. నన్ను చూసి పాట ఆపేశారు. ఇమ్రాన్ ఓ పక్కన నిలబడి ఉన్నాడు. కుడిచేతికి పిండికట్టు. ఎడమచేత్తో టోపీ తీశాడు. గుండు మీద కుట్లు. నేను మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాడు. ఒక్క మాట అని ఉంటే బాగుండేది — నాలుగు తిట్టేదాన్ని.

జూలై 2
ఇమ్రాన్ ఆ చేతి మీద ఇక గిరగిరా తిరగలేడట. శ్రావణి గోడకు చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 6
ఎస్సై ఇంటికే వచ్చాడు. ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. గన్నవరం పెళ్ళి ఫొటోలు జతచేసి ఫాతిమా పై అధికారులకు కంప్లయింట్ పెట్టిందట. "మొహం చూసే గుర్తుపట్టానని రాసివ్వండి మేడమ్. అప్పుడు పొరపాటు కింద పోద్ది. లేదంటే నా ఉద్యోగం... మీ పేరు కూడా కోర్టుకెక్కుద్ది."
బతిమాలుతున్నాడు. చూస్తేనే తెలిసిపోద్ది అన్నవాడు. నిజం రాస్తే వీణ్ణి ముంచగలను. వీడితోపాటు నేనూ మునుగుతాను.
అతను వెళ్ళాక శ్రావణి — ఇన్నాళ్ళకి నా మొహం చూసి — "వీపే చూశానని ఆ రోజు నాతో చెప్పావు. ఆ మాట నేనూ రాస్తానమ్మా."
నా కడుపున పుట్టిందేనా? ఆ తల్లీకొడుకులు, ఎస్సై, ఇది... ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగెయ్యాలి.

జూలై 7
పదకొండింటికి స్టేషన్‌కి రమ్మన్నారు. పొద్దున్నే కూర్చుని రెండు కాగితాలు రాశాను. ఒకదాంట్లో మొహం చూశాను. ఇంకోదాంట్లో చూడలేదు. రెండింటి కిందా సంతకం పెట్టాను. రెండూ హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి.
శ్రావణి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "నేనూ వస్తున్నా." వద్దనలేదు.
పదిన్నర. ఆటో హారన్ కొడుతోంది...