షర్టు మీద సుద్దచుక్కలు

శ్రీవారికి నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తయ్యగారూ పాపా కులాసా. నా సంగతి చివర్లో చెబుతాను.

మీరు అడిగారు కదా, అత్తయ్యగారికి కొత్త కళ్ళజోడు బాగా కుదిరింది. ఇప్పుడు నా వంటలో వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. పాపకు ముందు పన్ను ఊడింది. వంటింటి కుళాయి కారడం ఆగింది.

ఇక ఆ దేశంలో మీ స్పానిష్ చదువు. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేసే ఆవిడ మీకు క్రియాపదాలు నేర్పుతోందని, మాటను ముక్కలుగా విడగొట్టి ముక్కకొక దెబ్బ చొప్పున మీ అరచేతిలో వేలితో కొడుతుందని, ఊనిక ఉన్న చోట గట్టిగా కొడుతుందని మురిసిపోతూ రాశారు. ‘ఆ-బ్లో’లో మొదటి ముక్క మీద గట్టిగా కొడితే ‘నేను మాట్లాడతాను’ అట, రెండోదాని మీద కొడితే ‘ఆవిడ మాట్లాడింది’ అట. చదివి ఒళ్ళు మండింది. కొట్టడానికి అక్కడ బల్ల దొరకలేదా? మీ అరచేతిలో కాయలెక్కడున్నాయో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

ఆ భాష అలాగే నేర్పుతారేమో చూద్దామని మీకు చెప్పకుండా నేనూ సాయంత్రం క్లాసులో చేరాను. మా మాస్టారు స్కేలుతో బల్ల మీదే కొడతారు. ఎవరి చెయ్యీ పట్టుకోరు.

టైలరింగ్ షాపులోనూ అదే ధ్యాస. మొన్న కత్తిరించిన షర్టు ముక్క మీద ‘కాన్-తా-మోస్’, అంటే ‘మనం పాడతాం’, అనుకుంటూ సుద్దతో మూడు చుక్కలు పెట్టాను, ఊనిక పడే నడిమిది లావుగా. దులపడం మరిచాను. కాజాలు కుట్టే అతను అవి గుర్తులనుకుని జేబు పక్కన మూడు కాజాలు కుట్టేశాడు, నడిమిది పెద్దది. ఓనరుగారు ఆ షర్టు నా ముందు పరిచి, "ఎవరి మీద కోపమమ్మా గుడ్డ మీద చూపించావు?" అన్నారు. అందరి ముందూ ఏడ్చేశాను.

ఇప్పుడు నా సంగతి. ఆవిడ వేలు మీద కుళ్ళు సగమే. నాకు తెలియని భాషలో మీరు జోకులేసి నవ్వుతుంటే, ఆ నవ్వు ఆవిడకే దక్కుతోందని నా అసలు బాధ. ఫోన్లో అంటే తేలిగ్గా కొట్టిపారేస్తారని రాస్తున్నాను.

మీ కంపెనీ ఈ ఏడు నుంచి భార్యాపిల్లల్ని తెచ్చుకోనిస్తోందని మీ పక్క గదాయన భార్య చెప్పింది. తను సామాను సర్దుకుంటోంది. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మమ్మల్ని రమ్మంటారో వద్దంటారో ఒక్క మాట రాయండి. ఏ భాషలో రాసినా చదువుకోగలను.

ఇట్లు,
మీ ఇంటావిడ